జాషువా స్లోకం – ఒక పాత పడవ

అరకులోయలో సముద్రం కనిపించదు. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున, తూర్పు కనుమల నడుమ ఉన్న ఆ లోయకూ, విశాఖ తీరంలో అలలపై ఊగే పడవలకూ ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చు. సంబంధం ఉన్నది. ఉత్తరాంధ్ర ఏజెన్సీ అడవులలో గుగ్గిలం చెట్టు పెరుగుతుంది. ఉత్తరాదివారు దానినే సాల్ వృక్షం అంటారు. దాని కాండానికి గాటు పెడితే బంక కారి, గాలికి గట్టిపడి గుగ్గిలం అవుతుంది. గిరిజనులు ఏరి తెచ్చి సంతలో అమ్మే ఆ గుగ్గిలాన్ని మనము ధూపానికి వాడుకుంటాము. పడవలు కట్టేవారు మాత్రం వెనుకటి కాలం నుండి దానిని నూనెతో మరిగించి, పలకల నడుమ సందులలో నార కూరి, దానిపై పూసేవారు. నీరు లోపలికి రాకుండ కాపాడేది అదే. కొండ మీది బంక లేనిదే కడలి మీది పడవ నిలువదు.

మన సంచికలో సగం ఉర్దూ, సగం తెలుగు. రెండు సగాలకూ ఉమ్మడి అయిన మాటలు పడవలలో చాలా దొరుకుతాయి. సరంగు, కళాసీ, లంగరు, మరమ్మతు – ఇవన్నీ పారసీ, అరబ్బీల నుండి మన రెండు భాషలలోనికీ వచ్చినవే. మరమ్మతు అన్న మాటను పల్లెలో చదువురానివాడు కూడ పరాయి మాట అనుకోడు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి ఒకప్పుడు ఆ మరమ్మతుకే పేరుపడినది. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలను చేర్చి అడుగుభాగం బాగుచేసుకోగల రేవుగా దానిని చెప్పుకొనేవారు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీసినవి. పొరుగున ఉన్న తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టే విద్య ఆ తరువాత కూడ చాలాకాలం నిలిచినది.

కోరంగి, తాళ్ళరేవు వడ్రంగుల పేర్లు చరిత్ర గ్రంథాలకు ఎక్కలేదు. వారి చేతిలో ఏ పడవ ఎన్నిసార్లు బాగుపడినదో వ్రాసిపెట్టినవారు లేరు. ఆ పనినే చేసి, ఏ కొయ్య ఎక్కడ వేశాడో, ఎంత ఖర్చు అయినదో కొలతలతో సహా వ్రాసిపెట్టిన మనిషి ఒకడు మాత్రం అమెరికాలో ఉన్నాడు. అతడే కెప్టెన్ జాషువా స్లోకం. ఒంటరిగా పడవపై భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషిగా లోకం అతనిని ఎరుగును. ఆ కీర్తి సత్యమే. ఐతే ఆ మూడేళ్ళ ప్రయాణం కంటె, దానికి ముందు ఒక పచ్చికబయలులో అతడు గడిపిన పదమూడు నెలలే ముఖ్యమని నాకు తోస్తుంది.

జాషువా స్లోకం 1844 ఫిబ్రవరి 20న, ఇప్పటి కెనడాలోని నోవాస్కోషియాలో, ఫండీ అఖాతం వైపు చూసే ఒక కొండ మీది ఊరిలో జన్మించాడు. పదకొండుమంది సంతానంలో ఐదవవాడు. తండ్రికి వ్యవసాయం కలిసిరాక బ్రయర్ ద్వీపానికి మారి, జాలరులు తొడిగే తోలుబూట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నాడు. పదేళ్ళకే జాషువాకు బడి ఆగిపోయినది. తోలు నానబెట్టడం, మేకులు కొట్టడం అతని చదువైనది. దొంగచాటుగా నేలమాళిగలో ఒక బొమ్మ ఓడను చెక్కుకుంటూ ఉండగా తండ్రి చూచి, పని మానుకున్నాడన్న కోపంతో దానిని నేలకు కొట్టి ముక్కలు చేశాడట. పద్నాలుగేళ్ళకు ఇంటినుండి పారిపోయి చేపల ఓడలో వంటవాడుగా చేరినాడు గాని ఆ కొలువు నిలువలేదు. 1860లో తల్లి మరణించిన తరువాత ఇల్లు విడిచి, కలప మోసే ఓడపై కళాసీగా డబ్లిన్ వైపు వెళ్ళిపోయినాడు. పద్దెనిమిదేళ్ళకే రెండవ మేటుగా అర్హతపత్రం సంపాదించినాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడి అమెరికా పౌరుడైనాడు.

1871 జనవరి 31న సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్ అనే యువతిని వివాహమాడినాడు. ఆమె అతనితో పదమూడేళ్ళు ఓడలలోనే కాపురం చేసినది. ఏడుగురు పిల్లలు సముద్రం మీదనో, పరదేశపు రేవులలోనో పుట్టినారు. నలుగురే పెరిగి పెద్దవారైనారు. పెళ్ళైన ఏడాదే అలాస్కాలో, అతడు నడిపే ఓడ గాలివానకు లంగరు జారి ఒడ్డున పడి విరిగిపోయినది. స్లోకం అక్కడికక్కడే చిన్న పడవను కట్టి, మనుషులతోబాటు పట్టిన చేపలను కూడ దక్కించుకున్నాడు. తరువాత ఫిలిప్పైన్సులోని సూబిక్ అఖాతం ఒడ్డున ఒకరికి పెద్ద ఓడ దేహాన్ని కట్టి ఇచ్చి, కూలి క్రింద పాటో అనే చిన్న ఓడను పుచ్చుకున్నాడు. అంటే ఓడ నడపడమే గాక ఓడ కట్టడం కూడ అతనికి బ్రతుకుదెరువు. ఈ రెండు విద్యలూ ఒక్కచోట చేరడం ఆ కాలంలోనే అరుదు.

1880ల తొలినాళ్ళలో అతడు నార్తర్న్ లైట్ అనే గొప్ప ఓడకు కెప్టెన్, భాగస్వామి. 1883లో ఆ ఓడ మీద నుండియే క్రాకటోవా అగ్నిపర్వతపు పొగను చూచినాడు. ఆ ఓడలోనే కళాసీలు తిరుగబడినారు. ఒక నావికుని సంకెళ్ళలో ఉంచి క్రూరంగా చూచినాడన్న నేరంపై న్యాయస్థానం అతనికి జరిమానా విధించినది. అతడు మెత్తని మనిషి కాడు; ఆ మాట దాచి అతని కథ చెప్పడం తగదు. తరువాత కొన్న అక్విడ్నెక్ అనే ఓడలో, 1884 జూలై 25న, బ్యూనస్ ఎయిర్స్ రేవులో వర్జీనియా కన్నుమూసినది. ఆమె వయసు ముప్పది నాలుగేళ్ళు. ఆ దెబ్బ నుండి తండ్రి పూర్తిగా తేరుకోలేదని పిల్లలు తరువాత చెప్పేవారు. 1886లో అతడు తన బంధువైన హెన్రియెట్టాను పెళ్ళాడినాడు. 1887లో అక్విడ్నెక్ బ్రెజిల్ తీరాన ఇసుకదిబ్బకు తగిలి నాశనమైనది. భీమా లేదు. భార్య, ఇద్దరు కొడుకులు ఆ తీరంలో దిక్కులేక నిలిచినారు.

అక్కడ స్లోకం చేసిన పని చదివితే మన తీరపు జాలరులకు ఆశ్చర్యం కలుగదు గాని, మనకు కలుగుతుంది. విరిగిన ఓడనుండి దక్కిన సామగ్రి, అడవిలో నరికిన కొయ్య, గొడ్డలి, రంపం, మరికొన్ని పనిముట్లు – వీటితో 35 అడుగుల పొడవైన పడవను కట్టినాడు. మేకులు బిగించే చోట అడ్డుబిళ్ళలకు లోహం లేకపోతే రాగి నాణేలకే రంధ్రాలు వేసి వాడినాడు. మునగకుండ ఇరుప్రక్కల వెదురు బొంగులు కట్టినాడు. తెరచాపలను చైనా పడవల పద్ధతిలో, అడ్డంగా బద్దలు వేసి కుట్టించినాడు. చైనా సముద్రాలలో తిరిగినప్పుడు ఆ తెరచాప ఎంత సులువుగా దించవచ్చునో, ఒక బద్ద విరిగినా మిగిలినవి ఎట్లు పనిచేస్తాయో అతడు గమనించి ఉన్నాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజున, 1888 మే 13న, ఆ పడవ నీటిలో దిగినది. అందుకే దానికి స్వేచ్ఛ అనే అర్థంలో లిబర్దాద్ అని పేరు పెట్టినాడు. ఆ పడవలోనే నలుగురూ సుమారు 5,500 మైళ్ళు ప్రయాణించి అమెరికా చేరినారు. హెన్రియెట్టా ఆ తరువాత మళ్ళీ సముద్రయానానికి ఇష్టపడలేదు. ఆమెను తప్పు పట్టగలవారెవరు?

ఇంటికి చేరిన స్లోకంకు పని లేదు. ఆవిరి ఓడల కాలం వచ్చినది. తెరచాప ఓడల కెప్టెనులు కట్టెలమ్మే దుకాణాలలో, రేవు కూలిపనులలో తిరుగుతున్న రోజులవి. 1892లో ఎబెన్ పియర్స్ అనే వృద్ధుడు, తిమింగిలాల వేటలో సంపాదించిన కెప్టెను, అతనికొక ఓడ ఇస్తాననీ, దానికి కాస్త మరమ్మతు కావాలనీ చెప్పి మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ అనే ఊరికి రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే అది ఓడ కాదు. పచ్చికబయలులో దన్నులపై నిలబెట్టి, గుడ్డ కప్పి, ఏడేళ్ళుగా పడి ఉన్న ముత్యపుచిప్పల వేట పడవ. పేరు స్ప్రే. ఎప్పుడు కట్టినదో ఎవరికీ తెలియదు. నూరేళ్ళ క్రిందటిదని ఊరివారి మాట. వృద్ధుడు వేళాకోళానికి ఇచ్చినాడని కొందరు నవ్వుకున్నారు. దానిని విరుగగొట్టడానికి వచ్చినాడని ఊరంతా అనుకున్నదట. బాగుచేయడానికి వచ్చినానని చెప్పగా, అది గిట్టుబాటవుతుందా అని అడిగినవారే అందరూ.

స్లోకం గొడ్డలి తీసుకొని దగ్గరలోనే ఉన్న ఒక ఓక్ చెట్టును నరికి పడవకు అడుగుదూలం చేసినాడు. ఒక నీళ్ళకాగును, ఒక పొడుగాటి పెట్టెను చేర్చి ఆవిరి పట్టే ఏర్పాటు చేసుకున్నాడు. పక్కటెముకల వలె వంగవలసిన కొయ్యలను ఆ పెట్టెలో పెట్టి, మెత్తబడేవరకు ఆవిరి పట్టి, ఒక దుంగ మీద వంచి, ఆ వంపు గట్టిపడేవరకు కట్టి ఉంచేవాడు. పచ్చికలో ఆపిలు చెట్లు పూస్తున్నవి, తరువాత చెర్రీలు కాస్తున్నవి, అతడు మాత్రం రోజుకొక కొయ్య చొప్పున పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెడుతున్నాడు. పడవ ముక్కున నిలిపిన ఓక్ దిమ్మె ఎంత గట్టిదంటే, తరువాత హిందూమహాసముద్రంలోని కీలింగ్ దీవుల వద్ద పగడపుదిబ్బను తాకి దిబ్బ చీలినది గాని దిమ్మెకు గీత పడలేదు.

బయటి పలకలకు ఒకటిన్నర అంగుళాల మందం గల జార్జియా పైన్ కొయ్య. పైతట్టుకు తెల్ల పైన్. తట్టును మోసే దూలాలు ఆరు అంగుళాలు చదరంగా, మూడేసి అడుగుల ఎడంగా వేసినాడు. పడవ అంచును పాతదాని కంటె నడుమ ఒక అడుగు, ముందు 18 అంగుళాలు, వెనుక 14 అంగుళాలు ఎత్తు పెంచినాడు. ఇదొక్కటే పెద్ద మార్పు. నిలకడ నీటిలో చిప్పలు ఏరుకొనే పడవను మహాసముద్రపు పడవగా చేసినది ఆ ఎత్తే. మిగిలిన ఆకారాన్ని అతడు ముట్టలేదు. పాత కొయ్య ఉండగానే దాని పక్కన కొత్తది అమర్చి ఆ తరువాతనే పాతది తీయడం వలన పడవ రూపు చెదరలేదు. చివరకు పాత స్ప్రేలోని కొయ్య ఏదీ మిగలలేదనుకోవచ్చు. అయినా అది స్ప్రే యే. ఓడల భీమా చేసేవారి న్యాయం ప్రకారం, ముక్క ముక్కగా బాగుచేయబడి పూర్తిగా కొత్తదైన ఓడకు కూడ పాత పేరే చెల్లుతుంది.

పలకల సందులు పూడ్చడం వచ్చినప్పుడు ఊరివారి సలహాలు ఎక్కువైనవి. ముందు దూది నూలు, దానిపై తారులో నానిన నార కూరాలని అతని పద్ధతి. దూది నిలువదు, పాకుతూ బయటికి వస్తుందని దారిన పోయేవారు ఒకరి తరువాత ఒకరు హెచ్చరించినారు. అతడు సుత్తి దెబ్బ ఆపలేదు. దూది పాకలేదు కూడ. మన తీరంలోనైతే అక్కడ గుగ్గిలం పూస్తారు, లేదా మసూలా పడవలో వలె పలకలను కొబ్బరితాటితో కుట్టి నడుమ గడ్డి దట్టిస్తారు. దేశానికొక పద్ధతి; శత్రువు మాత్రం అన్నిచోట్లా ఒకటే, నీరు. అడుగుకు రెండు పూతలు రాగిరంగు వేసినాడు. కొయ్యను తొలిచే సముద్రపు పురుగుకు రాగి విషం. పైభాగానికి రెండు పూతలు సీసపు తెలుపు. తెరచాప స్తంభానికి న్యూహాంప్‌షైర్ నుండి స్ప్రూస్ మాను తెచ్చినాడు.

పూర్తి అయిన పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు, లోతు 4 అడుగుల 2 అంగుళాలు. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. కాలం పదమూడు నెలలు. నడుమ కూటికోసం రేవులో దొరికిన పనులకు పోయినందున ఇంకా కొంత జాగు జరిగినది. ఆ సెంట్లను కూడ మరచిపోకుండ వ్రాసిన మనిషిని చూస్తే, చేతిలో ఎంత తక్కువ డబ్బు ఉండేదో ఊహించవచ్చు. ఆ పడవతో ఒక ఋతువంతా చేపలు పట్టబోయి, గాలానికి ఎర గుచ్చడం తనకు చేతకాదని తేల్చుకున్నాడు. అప్పుడే భూమిని చుట్టిరావాలన్న సంకల్పం కలిగినది. వేరే దారి లేనివాని సంకల్పమది. సాహసమని మాత్రమే దానిని పిలువడం నాకు ఇష్టం లేదు.

1895 ఏప్రిల్ 24న, యాభై ఒకటవ ఏట, బోస్టన్ నుండి బయలుదేరినాడు. పాత చిన్న పడవ ఒకటి దొరికితే దానిని అడ్డంగా కోసి, కోసిన చోట పలక బిగించి, సగం పడవను తట్టుపై పెట్టుకున్నాడు. ఒడ్డుకు పోవడానికి అదే పడవ. బట్టలు ఉతకడానికి అదే తొట్టి. ఓడలలో కాలాన్ని చెప్పే ఖరీదైన గడియారాన్ని బాగుచేయించడానికి పదిహేను డాలర్లు అవుతుందని దానిని ఇంటనే వదిలి, దారిలో ఒక డాలరుకు అద్దం పగిలిన రేకు గడియారం కొన్నాడు. తరువాత అది మొండికేస్తే నీళ్ళలో ఉడికించినాడు; మళ్ళీ నడిచినదట. దాని నిముషాల ముల్లు ఊడినా, చంద్రుని దూరాన్ని నక్షత్రాలతో కొలిచి తన స్థానాన్ని లెక్కకట్టుకోగల విద్య అతనికి ఉన్నది. ఈ గడియారం కథను అందరూ వేడుకగా చెబుతారు. వెనుక ఉన్న గణితాన్ని ఎవరూ చెప్పరు.

అజోర్స్ దీవుల మీదుగా జిబ్రాల్టర్ చేరినాడు. మధ్యధరా మార్గంలో ఓడదొంగల భయమున్నదని అక్కడి నావికాధికారులు చెప్పగా, వచ్చిన అట్లాంటిక్‌నే మళ్ళీ దాటి దక్షిణ అమెరికాకు మరలినాడు. అసలు మార్పులు అక్కడ జరిగినవి. ముందున్నది పటగోనియా తీరం, మాగెల్లన్ జలసంధి. కొండలనుండి గాలి ఒక్కుమ్మడిగా దూకే చోటు. స్ప్రే మీద ఒకే స్తంభం, దానికి పెద్ద తెరచాప. ఒంటరి మనిషి గాలివానలో దానిని దించడం కష్టం. రియోలో పడవ వెనుక రెండవ చిన్న స్తంభానికి ఆధారంగా అర్ధచంద్రాకారపు చట్టం బిగించినాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో పెద్ద స్తంభాన్ని ఏడడుగులు, ముందుకు పొడుచుకొని ఉండే వాసాన్ని ఐదడుగులు తగ్గించినాడు. జలసంధిలో వెనుక చిన్న తెరచాప ఎక్కినది. పెద్ద తెరచాప బరువు తగ్గినది, గాలికి ఎదురు పోయేటప్పుడు చుక్కాని కొంత తేలికైనది. అంతకు మించి లాభం లేదని అతడే ఒప్పుకున్నాడు. చేసిన మార్పు ఎంత పనికివచ్చినదో అంతే చెప్పడం అతని అలవాటు.

మాగెల్లన్ జలసంధిలో రాత్రి పడవపైకి వచ్చే స్థానిక జాతులవారిని ఆపడానికి తట్టుపై చిన్న మేకులు చల్లి నిద్రపోయిన కథ చాలా ప్రసిద్ధం. వట్టి కాళ్ళతో మేకులు తొక్కి వారు నీటిలో దూకడం చదివి పాశ్చాత్య పాఠకులు నవ్వుకున్నారు. కొండ ప్రాంతాల పక్కన బ్రతికే మనకు అది నవ్వు తెప్పించరాదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఆ దక్షిణ భూములలో గొర్రెల ఆసాములు, బంగారం వెదికేవారు స్థానిక జాతులను వేటాడి చంపుతూ ఉన్నారు. స్లోకంకు తన ప్రాణభయం నిజమే. వారికి ఉన్న భయం అతని పుస్తకంలో అంతగా కనిపించదు.

1896 మార్చిలో జలసంధి దాటగానే పెద్ద తుఫాను పట్టుకొని నాలుగు రోజులు దక్షిణానికి తరిమినది. పెద్ద తెరచాప పేలికలైపోయినది. చీకటిలో, నురుగుతో తెల్లబడిన రాళ్ళ నడుమ, తెల్లవారేవరకు పడవను తిప్పుతూ బ్రతికి బయటపడి, వేరొక కాలువ గుండా మళ్ళీ జలసంధిలోనికే వచ్చి పడినాడు. తరువాత వారాల తరబడి ఏ మలుపులో లంగరు వేసినా సూది, దారం, గుడ్డముక్కలే పని. నావికులు చెప్పుకొనే గొప్ప ఘట్టం ఆ తుఫాను రాత్రి. నాకు మాత్రం ఆ తరువాతి కుట్టుపనే కళ్ళకు కడుతుంది. బూట్లు కుట్టే తండ్రి దగ్గర నేర్చిన చేయి అది.

పసిఫిక్‌లో స్ప్రే తన గొప్ప గుణాన్ని చూపినది. చుక్కానిని ఒక కోణంలో తాటితో కట్టివేస్తే పడవ తనంతట తాను రోజుల కొద్దీ దారి తప్పక నడిచేది. స్లోకం చదువుకుంటూ, వండుకుంటూ కూర్చునేవాడు. ఇందులో మాయ లేదు. గాలి తెరచాపలపై నెట్టే బలమూ, నీరు పడవ అడుగును ఆపే బలమూ ఒక రేఖకు దగ్గరగా ఉంటే పడవ ఏ ప్రక్కకూ తిరగదు. స్ప్రే అడుగు పొడుగు, వెడల్పు ఎక్కువ; తెరచాపలను తగినంత బిగించడం, వదలడం అతనికి తెలుసు. సమోవాలో నవలాకారుడు స్టీవెన్సన్ భార్య తన తోటలోని వెదుళ్ళను నరుక్కోమన్నది. ఆ వెదురు ముందు భాగాన వాసంగా పనికివచ్చినది. మన కనుమలలో వెదురుకు కొదువ లేదు గాని దానికి ఇంత దూరం పయనించే యోగం పట్టలేదు.

ఆస్ట్రేలియాలో కొత్త తెరచాపలు అమరినవి. టాస్మేనియాలోని డెవన్‌పోర్టులో పడవను ఒడ్డుకు ఎక్కించి, అడుగంతా తడిమి, పురుగు తొలిచిన గుర్తు ఎక్కడైనా ఉన్నదా అని వెదికినాడు. లేదు. అయినా మరొక పూత రాగిరంగు వేసినాడు. ముందు ఉష్ణసముద్రాలున్నవి, అక్కడ పురుగు ఎక్కువ. అవసరం కనబడిన తరువాత మరమ్మతు చేసేవారు లోకంలో చాలామంది. కనబడక ముందే చేసేవారు కొద్దిమంది.

1897 జూన్ చివరలో థర్స్‌డే దీవినుండి బయలుదేరి, జూలై 17న కీలింగ్ కోకోస్ దీవులు చేరినాడు. ఇరవై మూడు రోజులు, సుమారు 2,700 మైళ్ళు. అందులో అతడు చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలకు మించదు. అతడు అట్లు హిందూమహాసముద్రంలో ఉన్న రోజులలోనే, జూలై 4న, తరువాత మన ఏజెన్సీ కొండలను కదిలించిన అల్లూరి సీతారామరాజు జన్మించినాడు. రెండు సంగతులకూ సంబంధం లేదు. కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి చెబుతున్నాను. కీలింగ్ వాసులు మలయా జాతి ముస్లిములు, పడవలు కట్టడంలోను నడపడంలోను ఆరితేరినవారు. అక్కడ అడుగుబరువుగా వేసిన సిమెంటులో కొంత తీసి, దాని స్థానంలో పెద్ద పెద్ద సముద్రపు చిప్పలు వేసుకున్నాడు. బరువుకు బరువు, అమ్ముకుంటే డబ్బు. తరువాత రోడ్రిగ్జ్, మారిషస్, డర్బన్, కేప్‌టౌన్. దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్ భూమి గుండ్రంగా ఉన్నదని నమ్మనివాడు; భూమిని చుట్టివస్తున్న మనిషితో మాట్లాడటం ఆయనకు నచ్చలేదు. సెయింట్ హెలీనాలో ఎవరో ప్రేమతో ఒక మేకను ఇచ్చినారు. అది దారి చూపే పటాన్ని తినివేసినది.

ఇంటికి దగ్గరైన కొద్దీ పడవ అలసట బయటపడినది. మోకులు ఒకటొకటిగా తెగడం మొదలైనది, కప్పీ విరిగినది, ముందు తెరచాపను పట్టే మోకు స్తంభపు కొనదగ్గర తెగి తెరచాపతో సహా సముద్రంలో పడినది. యాభై నాలుగేళ్ళవాడు, ఊగుతున్న స్తంభం పైకి నిచ్చెన లేకుండ ఎక్కి దానిని మళ్ళీ కట్టినాడు. 1898 జూన్ 27 తెల్లవారుజామున రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్టు చేరినాడు. మూడు సంవత్సరాల రెండు నెలల పైన, 46,000 మైళ్ళు. అమెరికా అప్పుడు స్పెయిన్‌తో యుద్ధంలో ఉన్నందున మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జూలై 3న ఫెయిర్‌హేవెన్‌కు పోయి, మొదట నీటిలో దించినప్పుడు పడవను కట్టిన గుంజకే మళ్ళీ కట్టినాడు.

1900లో అతని యాత్రాగ్రంథం వెలువడి పేరు తెచ్చినది. 1901లో బఫెలో ప్రదర్శనలో పడవను ప్రజలకు చూపినాడు. 1902లో మార్తాస్ వినియర్డ్ దీవిలో పొలం కొన్నాడు గాని నేల అతనిని పట్టి ఉంచలేదు. చలికాలం రాగానే వెస్టిండీస్ పోయి చిప్పలు, పుస్తకాలు అమ్ముకొని వచ్చేవాడు. 1906లో ఒక చిన్నబాలికతో అసభ్యంగా ప్రవర్తించినాడన్న నేరంపై న్యూజెర్సీలో నలభై రెండు రోజులు జైలులో ఉన్నాడు. ఆరోపణను అతడు ఎదుర్కొని వాదించలేదు. అతని చరిత్రలో ఇది మచ్చ. గొప్పవారి జీవితమని దాచిపెట్టవలసినది కాదు.

పడవను గూర్చి పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. 1909లో సిప్రియానో ఆండ్రేడ్ అనే ఇంజనీరు లెక్కలు కట్టి, స్ప్రే సమతూకం అపూర్వమని వ్రాసినాడు. తరువాతి నిర్మాణశాస్త్రజ్ఞులు కొందరు, ఒక హద్దు దాటి ఒరిగితే అది తిరిగి లేవదని వాదించినారు. రెండూ నిజమే కావచ్చు. వెడల్పు పడవ ఒరగడం కష్టం, ఒరిగిన తరువాత లేవడమూ కష్టం. నమూనా చూచి అనేక దేశాలలో స్ప్రేకు నకళ్ళు కట్టినారు.

చివరి ఏళ్ళలో స్ప్రేను చూచినవారు ఇంకొక సంగతి చెప్పినారు. ఆ పడవ మునుపటి పడవ కాదు. మోకులు నలిగి వదులై ఉన్నవి, తెరచాపలు మాసి చిరిగి ఉన్నవి, తట్టుపై సామాను చెల్లాచెదరుగా ఉన్నది. మనిషి కూడ అట్లే ఉన్నాడు. ఒకప్పుడు పురుగు తొలువక ముందే రాగిరంగు పూసిన చేయి అది. వయసు కారణమో, ఒంటరితనమో, పడవ తనను ఎల్లప్పుడు మోస్తుందన్న ధీమాయో. చిత్రమేమంటే, జీవితమంతా నీటిపై గడిపిన ఆ మనిషికి ఈత రాదు.

1909 నవంబరు 14న వినియర్డ్ హేవెన్ నుండి స్ప్రేలో ఒంటరిగా, దక్షిణ అమెరికాలోని ఒరినోకో నదివైపు పోవాలని బయలుదేరినాడు. తరువాత అతనిని చూచినవారు లేరు. తుఫానో, చీకటిలో ఆవిరి ఓడ ఢీకొన్నదో, పాత పలక ఊడినదో తేలలేదు. స్ప్రే పలక ఒక్కటైనా ఏ తీరానికీ కొట్టుకొని రాలేదు. హెన్రియెట్టా ఆ దీవిలోనే ఉన్నది. ఆ రోజు బయలుదేరిన నాటినుండి జాషువా స్లోకం మృతుడని న్యాయస్థానం 1924లో ప్రకటించినది.